దారిలో కలిసిన విశ్వాసి గురించి మూడు నిమిషాల సాక్ష్యం: కాగితం నుంచి మైకు దాకా

బస్సులోనో, ఆసుపత్రి వరండాలోనో, గుణదల కొండ మెట్ల మీదో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు కలుస్తారు. పది నిమిషాలు పక్కన కూర్చుంటారు. ఒక మాట అంటారు, లేదా ఒక పని చేస్తారు. ఆ మనిషి మళ్ళీ కనపడరు గానీ ఆ మాట ఇంటిదాకా వెంట వస్తుంది. ఆదివారం మందిరంలో సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకునే వేళ, దాన్ని చెప్పాలనిపిస్తుంది. తీరా లేచి నిలబడ్డాక జరిగేది వేరు. వందనాలకే ఒక నిమిషం పోతుంది, సొంత కష్టాలకు నాలుగు నిమిషాలు పోతాయి, చివర్లో "ఆ తల్లి ద్వారా దేవుడు నాతో మాట్లాడాడు" అని ఒక్క ముక్క మిగులుతుంది. ఆ తల్లి ఏమన్నదో ఎవరికీ తెలియకుండానే కూర్చుంటారు.

ఈ రకం సాక్ష్యం మిగతావాటిలాంటిది కాదు. స్వస్థత, ఉద్యోగం, అప్పు తీరడం వంటి వాటిలో కథ మీది. ఇక్కడ కథ ఎదుటి మనిషిది, మీరు చూసినవాళ్ళు మాత్రమే. అందుకే తయారీ కూడా వేరుగా ఉండాలి. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం దగ్గర ఆ మనిషి ఏం చేసిందో, ఏమన్నదో చెప్పుకోగలిగితే సాక్ష్యం కుదిరినట్టు. "పాపం, ఆమె ఎంత కష్టపడిందో" అని మీ గురించి చెప్పుకుంటే కుదరనట్టే.

ఆ రోజే రాసుకోండి

ముందు చెరిగిపోయేవి మాటలు. చీర రంగు, బస్సు నంబరు, వాన పడిన సంగతి నెల తర్వాతయినా గుర్తుంటాయి. మనిషి అన్న మాట మాత్రం రెండు రోజుల్లో మన మాటగా మారిపోతుంది. వారం గడిస్తే బైబిలు మాటగా మారుతుంది. అందుకే ఇంటికి చేరేలోపు, వీలైతే బస్సు దిగేలోపు, ఫోనులోనో టికెట్టు వెనకాలో ముందుగా ఆ మాటను రాసుకోండి. వాళ్ళ యాసలో, వాళ్ళు అన్నట్టే రాయండి. వ్యాకరణం దిద్దొద్దు. రాయడం అలవాటు లేనివాళ్ళు ఫోనులో అర నిమిషం వాయిస్ రికార్డు చేసుకున్నా చాలు. అయితే రికార్డు చేయాల్సింది మీ గొంతును, వాళ్ళకు తెలియకుండా వాళ్ళ గొంతును కాదు.

మాట తర్వాత చేతులు. ఆ మనిషి చేతులతో ఏం చేశారు? టిఫిన్ డబ్బా మూత తీశారా, పిల్లాడి నుదురు మీద చెయ్యి పెట్టారా, కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీశారా? "ప్రేమ చూపించింది" అని రాసుకుంటే పది రోజుల తర్వాత ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. "కొంగు ముడి విప్పింది" అని రాసుకుంటే మొత్తం వెనక్కి వస్తుంది.

తర్వాత చోటు, వేళ, ఎంతసేపు, అప్పుడు మీరు ఏ స్థితిలో ఉన్నారన్నది. ఈ నాలుగూ నాలుగు వరుసల్లో అయిపోవాలి. ఖాయంగా తెలిసిన వాటి కింద గీత గీయండి, అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టండి. మైకు దగ్గర గీత ఉన్నవే చెప్పాలి. ప్రశ్నార్థకం ఉన్నదాన్ని చెప్పక తప్పకపోతే "సుమారుగా", "ఉండొచ్చు" అని కలపాలి.

అంకెల సంగతి మరీ జాగ్రత్త. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే, ఆనాడు మిషనువాళ్ళు లెక్క రాసి పెట్టారు కాబట్టే. లెక్క రాయని సాక్ష్యంలో అంకె పెరుగుతూ పోతుంది. మొదటిసారి "ముగ్గురికి అన్నం పెట్టింది", క్రిస్మస్ నాటికి "పదిమందికి", ఏడాది తిరిగేసరికి "వార్డు మొత్తానికి". చెప్పేవాళ్ళు కావాలని చేసేది కాదిది, ఊపులో జరిగిపోతుంది. దీనికి మందు ఆ రోజు రాసుకున్న కాగితం ఒక్కటే.

ఆ మనిషిని ఏమడగాలి, ఏమడగకూడదు

కలిసింది పది నిమిషాలే కాబట్టి అడగడానికి ఒక్క ప్రశ్నకే చోటు ఉంటుంది. "మీరు క్రిస్టియనా?" అని మొదలుపెడితే ఎదుటివాళ్ళు బిగుసుకుంటారు. అది గుర్తింపు కార్డు అడిగినట్టుంటుంది, వెనకాలే కులం ప్రశ్న వస్తుందేమోనన్న భయం కూడా ఉంటుంది. చేసిన పనిని పట్టుకుని అడగండి: "అమ్మా, మీ బాధే మీకుండగా నాకెందుకు పెట్టారు?", "బాబాయ్, ఇంత ఆలస్యమైనా మీకు విసుగు రాలేదే?" జవాబు వాళ్ళే ఎటు తీసుకెళ్ళాలో అటు తీసుకెళ్తారు. 1 పేతురు 3:15లో హేతువు, అంటే కారణం, అడిగినవారికి సాత్వికముతో సమాధానం చెప్పమని ఉంది. హేతువు అడగడం మన వంతు. అడిగాక ఊరుకోవాలి. మధ్యలో మన సాక్ష్యం మొదలుపెడితే వాళ్ళది వినకుండా పోతుంది.

విడిపోయేముందు ఒక మాట అడగగలిగితే మంచిది: "మీరన్న మాట మా మందిరంలో చెప్పుకోవచ్చా అమ్మా? మీ పేరు చెప్పను." చాలామంది నవ్వి "నాదేముందమ్మా" అంటారు. కొందరు వద్దంటారు. వద్దంటే చెప్పకూడదు, అక్కడితో ఆ సాక్ష్యం మీ సొంత ప్రార్థనలో ఉండిపోవాలి. అడిగే వీలే లేకపోతే, ఆ మనిషిని గుర్తుపట్టగల ఆనవాళ్ళన్నీ తీసేసి చెప్పొచ్చు.

ఆనవాళ్ళ విషయం మన ప్రాంతంలో ఊరికే మర్యాద కోసం చెప్పేది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ఆ కులాల నుంచి క్రైస్తవం తీసుకున్నవారిని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కింద లెక్కిస్తారు. దీనివల్ల, ఎస్సీ హోదా పోతుందన్న భయంతో, తమ విశ్వాసాన్ని ఊళ్ళో బయటపెట్టుకోకుండా బతికేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లో అత్తమామలకు తెలియకుండా ప్రార్థన చేసుకునే కోడళ్ళూ ఉన్నారు. పేరు, ఊరు, పని చేసే చోటు కలిపి మీరు మైకులో చెప్పి, ఆ వీడియో యూట్యూబులోకి వెళ్తే, మీకు గంజి పోసిన మనిషి ఇంటికే నిప్పు పెట్టినట్టు. "పల్నాడు వైపు ఆవిడ" అంటే చాలు. ఫలానా ఊళ్ళో ఫలానా హాస్టల్లో వంటమనిషి అనక్కర్లేదు. ఫొటో ఎట్టి పరిస్థితుల్లోనూ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇంకొక జాగ్రత్త. కువైట్‌లో శుక్రవారం ఆరాధనలో చెప్పే సాక్ష్యాల్లో పనిచేసే ఇంటివాళ్ళ సంగతులు రానివ్వకండి. సాటి పనిమనిషి మీకు ధైర్యం చెప్పిందంటే "నాతోపాటు పనిచేసే ఒక అక్క" వరకే ఆగాలి.

మూడు నిమిషాలంటే ఎన్ని మాటలు

నిదానంగా, వినపడేలా మాట్లాడితే తెలుగులో నిమిషానికి సుమారు వంద మాటలు పడతాయి. మూడు నిమిషాలకు మూడు వందలు. మామూలు రూళ్ళ నోటుపుస్తకంలో రెండు పేజీలకు కాస్త తక్కువ. మూడో పేజీలోకి వెళ్ళారంటే సమయం దాటినట్టే.

వందనాలకు పది సెకన్లు చాలు. "వేదికనలంకరించిన దైవజనులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యవనస్తులకు, చిన్నబిడ్డలకు" అని ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే నలభై సెకన్లు అక్కడే కరుగుతాయి. "అందరికీ ప్రభువు పేరిట వందనాలు." అయిపోయింది. దీన్ని అగౌరవమనుకునే పెద్దలు కొన్ని సంఘాల్లో ఉంటారు నిజమే, అలాంటి చోట పాస్టర్ గారి పేరు ఒక్కటి చేర్చండి.

చోటు, వేళ, మీ స్థితి కలిపి ముప్పై నుంచి నలభై సెకన్లు. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. మీ జబ్బు ఎలా మొదలైంది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఎంత ఖర్చయింది అన్నవన్నీ గుక్క తిప్పుకోకుండా వచ్చేస్తాయి. వినేవాళ్ళకు కావలసింది ఒక్కటే: ఆ మనిషి కలిసే సమయానికి మీకు ఏం లేదు? నిద్ర లేదా, డబ్బు లేదా, ఆశ లేదా? ఒక్క లోటు చెప్పండి.

ఆ మనిషి చేసింది, అన్నది: ఒకటిన్నర నిమిషం. సాక్ష్యంలో సగం. ఇంత సమయం దానికి దక్కకపోతే మిగతాది ఎంత బాగున్నా వృథా.

ఆ తర్వాత మీలో ఏం మారిందన్నది ఇరవై, ముప్పై సెకన్లు. వాక్యం పదిహేను సెకన్లు. కూర్చోవడం.

ఒకే సంగతి, రెండు రకాలుగా

మచ్చుకు అల్లిన ఒక సంగతి చూద్దాం. మామూలుగా వినపడే తీరు ఇలా ఉంటుంది:

"ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ రాత్రి నేను కన్నీటి లోయలో ఉండగా ఒక వృద్ధురాలు నా యొద్దకు వచ్చి, 'కుమారీ, భయపడకుము, ప్రభువు నీకు తోడైయున్నాడు' అని పలికింది. ఆమె ఎంతో పేదరాలు, అయినా ఆమె విశ్వాసం ఎంతో గొప్పది. వెంటనే నా హృదయం ఆనందంతో నిండిపోయింది. తిరిగి చూసేసరికి ఆమె కనపడలేదు. హల్లెలూయ!"

ఇందులో అబద్ధం ఉందని అనలేం గానీ, మనిషి మాత్రం లేదు. ఏ ఊళ్ళోనైనా, ఏ ముసలమ్మ గురించైనా ఇదే చెప్పొచ్చు. అదే సంగతి రాసుకున్న కాగితం చేతిలో ఉంటే ఇలా వస్తుంది:

"మా నాన్నను పెద్దాసుపత్రి ఐసీయూలో పెట్టిన మూడో రోజు రాత్రి. వరండాలో చాపలు పరుచుకుని పాతిక మంది దాకా పడుకున్నారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను, పొద్దున్నించి ఏమీ తినలేదు. పక్క చాప మీద ఒక పెద్దావిడ. అరవై పైనే ఉంటాయి. ఆవిడ భర్త కూడా లోపలే ఉన్నాడు. ఆవిడ క్యారియరు మూత తీసి, గంజి రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నాకిచ్చింది. 'మీకే చాలదు, మీరు తాగండమ్మా' అన్నాను. గ్లాసు నా చేతిలో పెట్టి నా వేళ్ళు మూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, పెదాలు కదిలీ కదలకుండా ఏదో చెప్పుకుంది. ఆమెన్ అన్నది ఒక్కటే వినపడింది. మీ ఆయనకెలా ఉందమ్మా అని అడిగాను. 'పొద్దున్న లెగుత్తాడో లెగడో నాకేటి తెలుసు తల్లీ. ఆయనికి తెలుసు. నువ్వు గంజి తాగు' అంది. అప్పటిదాకా నాకు ప్రార్థనంటే నాన్న లేవాలని అడగడమే. ఆ రాత్రి మొదటిసారి ఏమీ అడక్కుండా కళ్ళు మూసుకున్నాను. తెల్లారి నర్సు వచ్చి ఆవిణ్ణి లోపలికి పిలిచింది. మళ్ళీ నేను చూడలేదు. ఆవిడ భర్తకు ఏమైందో నాకు తెలియదు."

మొదటిదానికీ దీనికీ తేడాలు గమనించండి. "పేదరాలు" అన్న మాట పోయింది, దాని చోట రెండు గ్లాసుల గంజి వచ్చింది. పేదరాలు "అయినా" విశ్వాసం గొప్పది అనడంలో పేదవాళ్ళకు విశ్వాసం ఉండటం వింత అన్నట్టు వినపడుతుంది, ఆ "అయినా" ఎక్కడ కనపడినా కొట్టేయండి. ఆవిడ మాట ఉత్తరాంధ్ర యాసలోనే ఉంది. "కుమారీ, భయపడకుము" అన్న మనిషి ఈ లోకంలో ఎక్కడా ఉండదు. "నాకేటి తెలుసు తల్లీ" అన్న ఆవిడ మాత్రం పార్వతీపురం బస్సెక్కితే రెండు సీట్ల అవతలే ఉంటుంది.

చివరి వాక్యం దగ్గర చెప్పేవాళ్ళ చెయ్యి వణుకుతుంది. భర్తకు ఏమైందో తెలియదంటే సాక్ష్యం సగంలో ఆగినట్టుంటుందని, "తర్వాత తెలిసింది, ఆయన లేచి నడిచాడట" అని కలిపేస్తారు. కలిపితే ఆవిడ మాట చచ్చిపోతుంది. "నాకేటి తెలుసు" అన్నదే ఆవిడ విశ్వాసం. ఫలితం తెలియకుండానే అంత నిబ్బరంగా గంజి పోసిందని కదా మీరు నిలబడి చెబుతున్నది.

అలాగే "తిరిగి చూసేసరికి కనపడలేదు" అన్నది. ఆతిథ్యం చేసి కొందరు ఎరుగకయే దేవదూతలకు ఆతిథ్యం చేశారని హెబ్రీ 13:2లో ఉన్న మాట వాస్తవమే. అపొస్తలుల కార్యములు 8లో ఆత్మ ఫిలిప్పును కొనిపోయిందన్నదీ వాస్తవమే. కానీ విజయవాడ స్టేషనులో ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి కనపడకుండా పోవడానికి దూత కానక్కర్లేదు, జనరల్ బోగీ వస్తే చాలు. ఆ మనిషిని దూతను చేస్తే మిగతా వాళ్ళకు దారి మూసుకుపోతుంది. దూతలు చేసే పని మనమెక్కడ చేస్తాం అనుకుంటారు. టికెట్టు కొనుక్కుని, కాళ్ళనొప్పులతో, బెంగతో ప్రయాణం చేస్తున్న మామూలు మనిషి ఆ పని చేసిందంటేనే వినేవాళ్ళకు గుచ్చుకుంటుంది.

పరభాషవాళ్ళ మాట

వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్ళే మనవాళ్ళకు తమిళులు, బెంగాలీలు పక్క బెంచీ మీద తగులుతారు. వేళాంగణి మాత గుడికి వెళ్ళేవాళ్ళకూ అంతే. అలాంటప్పుడు ఆ మనిషి చేత చక్కటి తెలుగు పలికించకండి. "నాకు తమిళం రాదు, ఆయనకు తెలుగు రాదు" అని ముందే చెప్పండి. అర్థమైన ఒక్క మాటను వాళ్ళ భాషలోనే పలికి, అర్థం తెలుగులో చెప్పండి. "కవలపడాదీంగ అన్నాడు, బెంగపడొద్దని" అంటే చాలు. సైగలతో చెప్పింది సైగలతోనే చూపించండి. మధ్యలో ఎవరైనా అనువదించి ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి. మాట ఎన్ని చేతులు మారి వచ్చిందో వినేవాళ్ళకు తెలియాలి.

ఏ వాక్యం, ఎక్కడ

ముందుగా వాక్యం ఎంచుకుని సంగతిని దానికి తగ్గట్టు కత్తిరించడం పెద్ద పొరపాటు. ఆ మనిషి చేసిన పనేమిటో ముందు చూడండి, దానికి సరిపడే చోటు బైబిల్లో దొరుకుతుంది. తనకే చాలనిదాన్ని ఇచ్చినవారైతే మార్కు 12:41-44లో రెండు కాసులు వేసిన విధవరాలు, లేదా 1 రాజులు 17లో సారెపతు విధవరాలు. జైలులాంటి కష్టంలో పాట పాడినవారైతే అపొస్తలుల కార్యములు 16:25. మేలు పొంది వెనక్కి వచ్చి కృతజ్ఞత చెప్పినవారైతే లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చిన సమరయుడు. మనవాడు కాదనుకున్న మనిషిలో విశ్వాసం కనపడితే మత్తయి 8లో శతాధిపతి.

ఎక్కువమంది మరచిపోయేది, ఈ పనికి అన్నిటికంటే బాగా అతికేది 2 రాజులు 5లో ఉంది. సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో చెరపట్టబడి వచ్చిన ఒక చిన్నది. పేరు లేదు. యజమానురాలితో ఒక్క వాక్యం అంటుంది, షోమ్రోనులోని ప్రవక్త దగ్గర తన యజమాని ఉంటే బాగుండునని. తర్వాత ఆ అధ్యాయంలో రాజులు, రథాలు, వెండి, బంగారం అన్నీ వస్తాయి గానీ ఆ చిన్నది మళ్ళీ రాదు. పిల్లలో, పనివాళ్ళో, చిన్నపాటి మనుషులో అన్న మాట మీద సాక్ష్యం చెప్పేటప్పుడు ఇంతకు మించిన నమూనా దొరకదు. దారిలో ఎవరైనా లేఖనం వివరించి ఉంటే అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు, ఐతియొపీయుడు ఉన్నారు. "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అన్న ప్రశ్నతోనే అది మొదలవుతుంది.

వాక్యం ఒక్కటే చదవండి. మూడు చదివితే సాక్ష్యం ప్రసంగమవుతుంది, ప్రసంగం చెప్పడానికి వెనక ఒకరు కూర్చుని ఉన్నారు. వాక్యం తర్వాత వివరణ వద్దు. మొదట్లో చదవడం కంటే చివర చదవడం మేలు. ముందే చదివితే ఏం రాబోతోందో తెలిసిపోతుంది.

చెప్పకూడనివి

వేరే మతం మీద విసురు. మీకు సాయం చేసిన విశ్వాసి పక్కనే, అదే వరండాలో ఇంకొకరు తావీజు కట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళను పోల్చి తక్కువ చేయడం ఆ పెద్దావిడ చేయలేదు, మీరూ చేయొద్దు. మందులు మానేశామన్న మాట కూడా రాకూడదు. ఆ మనిషి ప్రార్థన చేశాక మీ జ్వరం తగ్గితే తగ్గిందని చెప్పండి, వేసుకున్న మాత్ర సంగతి దాచొద్దు. వినేవాళ్ళలో షుగరు, బీపీ, మూర్ఛ ఉన్నవాళ్ళుంటారు. మీ మాట విని మాత్ర ఆపేస్తే ఆ భారం మీదవుతుంది.

ఇంకొకటి, వాట్సాప్‌లో వచ్చిన కథను "నాకు జరిగింది" అని చెప్పడం. ఇది అనుకున్నదానికంటే ఎక్కువగానే జరుగుతుంది. నచ్చితే "ఒకచోట చదివాను" అని చెప్పండి.

మైకు దగ్గర

మన మందిరాల్లో మైకుకు పాటల కోసం ఎకో పెట్టి ఉంచుతారు. పాటకు అది అందం, మాటకు శత్రువు. "నాకేటి తెలుసు" అన్న నెమ్మదైన మాట ఎకోలో పడితే వెనక వరుసకు ముద్దగా చేరుతుంది. లేవకముందే మిక్సరు దగ్గరున్న తమ్ముడితో "సాక్ష్యానికి ఎకో తీసేయ్ నాన్నా" అని ఒక మాట చెప్పండి. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త గడ్డం వైపు వంచి పట్టుకోండి. నోటికి ఎదురుగా ఆనించి పట్టుకుంటే ప, బ అక్షరాలు పేలుతాయి. స్పీకరు బాక్సుకు ఎదురుగా నిలబడితే కూత పెడుతుంది, దాని వెనక్కి జరగండి. కూత వస్తే మైకు మీద తట్టకండి, చేత్తో మూయకండి. మూస్తే ఇంకా ఎక్కువవుతుంది.

కాగితం చూసి చదవడం తప్పేమీ కాదు, కానీ చదివినట్టుంటే మాట చల్లబడుతుంది. రెండు పేజీలనూ అరచేతిలో పట్టే చీటీ మీదికి కుదించండి. చోటు, లోటు, చేతులు, మాట, తర్వాత: ఐదు మాటలు చాలు. ఎదుటి మనిషి అన్న వాక్యం మాత్రం పూర్తిగా రాసుకోండి, అది ఒక్క అక్షరం మారకూడదు. ముందురోజు రాత్రి ఇంట్లో ఒకరి ముందు ఫోనులో టైమరు పెట్టి గట్టిగా చెప్పి చూడండి. మనసులో అనుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయినట్టే ఉంటుంది, గట్టిగా చెబితే మూడున్నర అవుతుంది. ఎక్కువైతే మీ సంగతుల్లో కొట్టేయండి.

ఏడుపు వస్తే ఆగండి. మైకు కాస్త కిందికి దించి రెండు శ్వాసలు తీసుకోండి. ఏడుస్తూనే మాట్లాడితే అసలు మాటే వినపడదు, అదీ సరిగ్గా ఆ పెద్దావిడ మాట దగ్గరే జరుగుతుంది. సంఘం "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఉంటే ఆ శబ్దం తగ్గేదాకా ఉండి, ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చెప్పండి.

చోటును బట్టి

ఇంటి ప్రార్థన కూటంలో పన్నెండు పదిహేను మందే ఉంటారు కాబట్టి ఐదు నిమిషాలు తీసుకోవచ్చు, మైకు అక్కర్లేదు, ప్రశ్నలు కూడా అడుగుతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. సాక్ష్యాలకు వరుస కట్టి నిలబడతారు, పన్నెండు కొట్టకముందే అంతా ముగియాలి, మీకు దొరికేది ఒక నిమిషం. వంద మాటల్లో చోటు, పని, మాట మూడే చెప్పండి, వాక్యం కూడా వదిలేయండి. సండే స్కూలు పిల్లలకైతే గంజి గ్లాసు దగ్గర ఆగి, "మీరైతే ఎవరికి ముందు ఇస్తారు?" అని అడగండి. ఐసీయూ వివరాలు వాళ్ళకు వద్దు. క్యాథలిక్ గుడిలో పూజ మధ్యలో దీనికి చోటుండదు. జపమాల కూటంలోనో, చిన్న క్రైస్తవ సమూహాల్లోనో ఫాదర్ గారిని ముందుగా అడిగి చెప్పుకోవాలి.

సంఘ పత్రికకు రాసేటప్పుడు మూడు వందల యాభై మాటలు దాటకుండా చూసుకోండి. మైకులో గొంతు చేసే పని అక్కడ ఉండదు కాబట్టి యాసను ఒకటి రెండు వాక్యాలకే పరిమితం చేయండి. పేజీ నిండా యాస ఉంటే చదివేవాళ్ళకు వెక్కిరింతలా కనపడుతుంది.

దిగిన తర్వాత

ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు మీ దగ్గరికి వస్తారు. ఆవిడ ఫోను నంబరుందా, ఏ ఊరు, మేమేమైనా పంపిస్తాం అంటారు. మంచి మనసుతోనే అడుగుతారు. నంబరు ఉన్నా ఇవ్వకండి. ముందు ఆవిడకు ఫోను చేసి అడగండి, ఆవిడ సరేనంటే పాస్టర్ గారి ద్వారా కలపండి. నంబరు లేకపోతే లేదని చెప్పి, అలాంటి వరండా మన ఊరి ఆసుపత్రిలోనూ ఉందని, రాత్రి ఎనిమిది తర్వాత రోగుల వెంట వచ్చినవాళ్ళకు తినడానికి ఏమీ దొరకదని చెప్పండి. వేడి గంజి ఐదు లీటర్ల స్టీలు క్యానులో పోస్తే ఇరవై ఐదు గ్లాసులవుతుంది. గ్లాసులు ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్ళాలి. వార్డు సిస్టరును ముందు అడగాలి. రోగులకు కాదు, వాళ్ళతో వచ్చినవాళ్ళకే ఇవ్వాలి, ఎందుకంటే లోపలున్నవాళ్ళకు ఏది పెట్టొచ్చో డాక్టరు చెప్పాలి. ఉప్పు విడిగా పట్టుకెళ్ళండి.